పెళ్ళినాటి కాలపట్టిక

(మన సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కవులు పద్యాలు చదివారు. శాస్త్రిగారు పంచాంగము వినిపించారు. వారి తరువాత మమ్ములను నిలబెట్టి "మీరూ ఏదైనా చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. మేము కవులము కాము, పండితులమూ కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. మాకు తెలిసినదల్లా బండ్ల వేళలు, ఆ వేళలకు అందుకోలేక ప్లాటుఫారం మీద పరుగెత్తే జనము. ఆదాయ వ్యయాలు విన్న తరువాత పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళలో మొదట చూచేది ముహూర్తాలే గనుక, పెళ్ళినాటి వేళలను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము.

వెనుక మన బరంపురం వీధులలో పెళ్ళికి కాగితము అవసరముండేది కాదు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేనాటికే మనలో చాలామంది తాతలు ఇక్కడ ఉన్నారు. మనము వలస రాలేదు, సరిహద్దే మన గుమ్మము దాటి వలస వెళ్ళినదని కొందరు హాస్యమాడుతారు. మిగిలినవారము ఉద్యోగాలకో, వ్యాపారాలకో వచ్చి నిలిచిపోయాము. ఎవరి ఇంట చూచినా ఒక పెద్దమ్మ ఉండేది. పసుపు కొట్టిననాటి నుంచి పదహారురోజుల పండుగ దాకా వరుస అంతా ఆమె నోటనే ఉండేది. "బాసికాలు తెచ్చారుటే? కావిళ్ళు దించారా? తలంబ్రాల బియ్యము తడిపారా?" అని ఆమె అరుగు మీద కూర్చుని కేకవేస్తే పెళ్ళి నడిచిపోయేది. ఆమెకు గడియారము చూడడము రాకపోవచ్చును. కాని ఏది ముందు, ఏది వెనుక అన్న దానిలో ఆమె పొరబడినట్లు మేమెన్నడూ వినలేదు.

ఆ పెద్దమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంట నలుగురము. పెళ్ళికూతురు బెంగళూరులోనో పూనాలోనో ఉద్యోగము చేస్తూ మూడు రోజుల సెలవు మీద దిగుతుంది. కల్యాణమండపము ఇరవైనాలుగు గంటలకు అద్దెకు తీసుకున్నది. పురోహితులు ఒక ఊరి నుంచి వస్తారు, వంటవారు మరొక చోటి నుంచి వస్తారు, ఫొటోలు తీసే కుర్రవాడు మన ఒడియా సోదరుడు. ఎవరి పనిలో వారు సమర్థులే. తమ పని తరువాత ఎవరి పని మొదలు కావాలో మాత్రము ఒకరికీ తెలియదు. పెద్దమ్మ నోట ఉండిన వరుసను కాగితము మీద పెట్టుకోక తప్పని కాలము వచ్చినది. ఆ కాగితము ఎట్లా వ్రాయాలన్నదే మేము చెప్పదలచినది.

పెళ్ళినాడు కదలని వేళ ఒక్కటే ఉన్నది. మిగిలినవన్నీ కదులుతాయి. ఎదుర్కోలు పావుగంట ఆగుతుంది, విందు అరగంట ఆగుతుంది, వియ్యపురాలి కోపము కూడా కాఫీ వచ్చేదాకా ఆగుతుంది. సుముహూర్తము ఆగదు. కనుక పట్టిక ప్రొద్దున్న కాఫీతో మొదలుపెట్టి క్రిందికి వ్రాసుకుంటూ పోరాదు. ముహూర్తాన్ని కాగితము నడుమ వ్రాసి, అక్కడి నుంచి పైకి, అనగా వెనక్కు, లెక్కించుకుంటూ పోవాలి. పై నుంచి వ్రాసిన పట్టికలో ప్రతి పనికీ తీరిక దొరుకుతుంది, ముహూర్తము దగ్గరకు వచ్చేసరికి కాలము చాలదు. ఇన్ని పెళ్ళిళ్ళలో మేము చూచినది ఇదే.

ముహూర్తమంటే ఏ పని అన్నది కూడా ముందుగా పదిమందికీ చెప్పాలి. మన ఆచారములో జీలకర్ర బెల్లము వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఉంచే క్షణము సుముహూర్తము. మాంగల్యధారణ ఆ తరువాతది. తమిళదేశములో స్థిరపడిన మన చుట్టాలు అక్కడి వాడుకకు అలవాటుపడి, తాళి కట్టే వేళే ముహూర్తమనుకుని తాపీగా వస్తారు. వచ్చేసరికి తెర తీసివేసి ఉంటుంది. "మా కోసము ఒక్క నిమిషము ఆగలేకపోయారా బావగారూ" అని అలుగుతారు. శుభలేఖలోనే "జీలకర్ర బెల్లము రాత్రి ఇన్ని గంటలకు" అని వేయిస్తే ఆ అలక ఉండదు. మన ఒడియా ఇరుగుపొరుగు వారి కోసము అదే ముక్క వారి లిపిలో ఒక వరుస వేయించడము మర్యాద.

ఇక ఆ వేళను ఎవరి పంచాంగము ప్రకారము పెట్టుకున్నారన్నది పెద్ద ప్రశ్న. దీని దగ్గర కొంచెము నిలుస్తాము, ఓపికపట్టండి.

పాత పంచాంగాలలో వేళలు ఘడియల్లో ఉంటాయి. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకండ్లు. లెక్క సూర్యోదయము నుంచి. సూర్యోదయము 5-30కి అయితే 12 ఘడియలంటే 4 గంటల 48 నిమిషాలు కలపాలి, 10-18 అవుతుంది. కాని సూర్యుడు ఎవరి ఊళ్ళో 5-30కి ఉదయించాడు? సూర్యుడు తూర్పున ఉన్న ఊరికి ముందు, పడమట ఉన్న ఊరికి తరువాత కనిపిస్తాడు. ఒక్క రేఖాంశానికి 4 నిమిషాల తేడా. మన బరంపురం సుమారు 84.8 డిగ్రీల మీద ఉన్నది, విజయవాడ 80.6 మీద, హైదరాబాదు 78.5 మీద. విజయవాడ కంటె మనకు ఇంచుమించు 17 నిమిషాలు, హైదరాబాదు కంటె 25 నిమిషాలు ముందుగా తెల్లవారుతుంది. ఋతువును బట్టి కొద్ది హెచ్చుతగ్గులుంటాయి. మన సోలాపురం బంధువులకు తిరకాసు అటువైపు. వారికి విజయవాడ కంటె సుమారు 19 నిమిషాలు ఆలస్యముగా తెల్లవారుతుంది.

తిథి, నక్షత్రము ముగిసే వేళ గడియారము ప్రకారము దేశమంతటా ఒక్కటే. లగ్నము అట్లా కాదు. రాహుకాలము, దుర్ముహూర్తము కూడా అట్లా కావు. అవి ఊరిని బట్టి, ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి మారుతాయి. లగ్నము ఒక్కొక్కటి సుమారు రెండు గంటలు. అందులో పండితులు చూచే నవాంశ సగటున 13 నిమిషాలు. హైదరాబాదు వేళను తెచ్చి బరంపురంలో అట్లాగే అమలుచేస్తే దాదాపు రెండు నవాంశలు దాటిపోతాయి. ఎంతో శ్రమపడి జాతకాలు చూపించి, దక్షిణ ఇచ్చి పెట్టించుకున్న ముహూర్తము చివరకు వేరొక ఊరిదవుతుంది. పెళ్ళికొడుకువారు తమ ఊళ్ళో పెట్టించి పంపిన లగ్నపత్రిక అందగానే, "శాస్త్రిగారూ, ఇది ఏ ఊరికి కట్టిన వేళ? మా ఊరికి ఎంత?" అని అడగడానికి సిగ్గుపడరాదు. నమ్మకము లేనివారితో మాకు వాదము లేదు. నమ్మి చేసేవారు మాత్రము సరిగ్గా చేయడము మంచిది గదా.

మా శాఖవారికి ఈ తిరకాసు క్రొత్తది కాదు. 1905 వరకు ఈ దేశములో రైళ్ళు మద్రాసు కాలమును అనుసరించేవి. ఊళ్ళో గడియారము ఒకటి, స్టేషనులో గడియారము ఒకటి. 1906 జనవరి 1 నుంచి నేటి ప్రామాణిక కాలము వచ్చినది. అది మద్రాసు కాలము కంటె 9 నిమిషాలు ముందు. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకు సమీపముగానే పోతుంది. బండ్లకు ఒకే గడియారము కుదిరినది. లగ్నాలకు ఏ ఊరి గడియారము ఆ ఊరిదే.

వేళ కుదిరిన తరువాత తారీఖు సంగతి. శుభలేఖ మీద "శనివారం రాత్రి 2-14 (తెల్లవారితే ఆదివారం)" అని వేస్తారు. మన సంప్రదాయములో రోజు సూర్యోదయముతో మొదలవుతుంది కనుక అది శనివారమే. రైల్వేలో రోజు అర్ధరాత్రి 12కు మొదలవుతుంది కనుక అది ఆదివారము. ఈ రెండు లెక్కల నడుమ పడి నలిగిన కుటుంబాలను మేము కౌంటరు కిటికీలో నుంచి ఎన్నిసార్లు చూచామో చెప్పలేము. శనివారం రాత్రి తొలిజామున పెళ్ళి చూసుకుని, భోజనము చేసి, 12-20 బండి ఎక్కుదామని శనివారం తారీఖుతో టిక్కెట్లు కొంటారు. తీరా స్టేషనుకు వచ్చేసరికి ఆ బండి ముందటి రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. "బాబూ, శనివారం రాత్రి అంటే శనివారం కాదా?" అని ఒక ముసలాయన మనుమరాలిని భుజాన వేసుకుని అడిగితే, టిక్కెట్టు మీది తారీఖు చూపడము తప్ప మా చేతిలో ఏమున్నది? అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే శుభలేఖలో సంప్రదాయపు వారముతోపాటు ఇంగ్లీషు తారీఖు, ఇరవైనాలుగు గంటల లెక్కలో వేళ కూడా వేయించండి. అందమునకు లోటు రాదు.

మగపెళ్ళివారు రైలులో వచ్చేటట్లయితే మరొక లెక్క ఉన్నది. రిజర్వేషను ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరు 1కి పూర్వము అది 120 రోజులు. ఒక ఫారము మీద ఆరుగురికి మించి ఇవ్వరు. నలభైమంది కలిసి రావాలంటే పెళ్ళిపెద్ద దరఖాస్తు వ్రాసి, పేర్ల జాబితా జతపరచి, అధికారుల అనుమతి తీసుకోవాలి. ఆఖరు రోజులలో ఒక మేనత్త రాలేనంటుంది, ఒక బాబాయి వస్తానంటాడు. దానికీ దారి ఉన్నది. బండి బయలుదేరడానికి 48 గంటల ముందు పెళ్ళిపెద్ద వ్రాసి ఇస్తే గుంపులో పదోవంతు మించకుండా పేర్లు మార్చుకోవచ్చును, అనగా నలభైమందిలో నలుగురివి. ఆ సదుపాయము ఒక్కసారే. మొదటి అలకకే దానిని వాడుకోకుండా రెండవ అలక కోసము దాచుకోవడము మంచిది. మూఢము, శూన్యమాసము పోగా మిగిలిన మంచిరోజులు కొద్ది. ఊరూరా పెళ్ళిళ్ళు ఆ కొద్దిరోజుల మీదనే పడతాయి. అందువల్ల మండపము, పురోహితుడు, రైలు ఈ మూడింటినీ శుభలేఖ అచ్చుకు పోకముందే చూసుకోవాలి.

ఇప్పుడు వెనక్కు లెక్కించడము ఎట్లాగో చూద్దాము. ముహూర్తము రాత్రి 9-36 అనుకోండి. జీలకర్ర బెల్లానికి 9-25కే కన్యాదానము పూర్తయి, తెర నిలబడి ఉండాలి. మహాసంకల్పముతో, ఇరువైపులా ప్రవరలతో కన్యాదానానికి 35 నిమిషాలు వేసుకుందాము. అనగా 8-50కి మేనమామలు పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చి కూర్చోబెట్టాలి. ఆమె గౌరీపూజకు 40 నిమిషాలు, 8-10. పూలజడ, పట్టుచీర, నగలు, బాసికము వగైరా అలంకారానికి రెండు గంటలు, 6-10. దానికి ముందు స్నానము, తల ఆరడము, ఇంత ఏదైనా తినడము కలిపి గంటన్నర, 4-40. రాత్రి తొమ్మిదిన్నర పెళ్ళికి సాయంత్రము నాలుగూ నలభైకే గదిలోకి వెళ్ళాలంటే ఆడపిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఏడున్నరకు తడి తల ఆరబెట్టుకుంటున్న పెళ్ళికూతురిని చూచి పెద్దవాళ్ళు ఏడవడము కంటె అది మేలు.

అటువైపు మగపెళ్ళివారు. గౌరీపూజ జరిగే వేళకే, 8-10కి, మండపములో పెళ్ళికొడుకు చేత గణపతిపూజ చేయించాలి, తరువాత వరపూజ. ఎదుర్కోలు 8 గంటలకు ముగియాలి, అది ముప్పావుగంట, 7-15. విడిది నుంచి మేళముతో రావడానికి ముప్పావుగంట, 6-30. ఇక విడిదిలో స్నానాల సంగతి. ఎవరూ వేయని లెక్క ఇదే. నలభైమంది, నాలుగు స్నానపుగదులు, మనిషికి పది నిమిషాలు, మొత్తము 100 నిమిషాలు. బట్టలు కట్టుకోవడానికి మరొక అరగంట. అనగా 4-20కి మొదటి మనిషి స్నానానికి వెళ్ళాలి. అంతకుముందు కాఫీ, ఫలహారము, కాస్త నడుము వాల్చడము. కనుక వారి బండి మధ్యాహ్నము రెండింటిలోపు స్టేషనులో ఉండాలి. రెండింటికి రావలసిన బండి ఎక్కి రమ్మనరాదు, పన్నెండింటికి రావలసిన బండి ఎక్కి రమ్మనాలి. మా శాఖ మీద మాకు గౌరవము లేక ఈ మాట అనడము లేదు.

ఆ రెండు గంటల వంటి కొసరును గురించి ఒక మాట. టైంటేబిలు శ్రద్ధగా చూచేవారు గమనించే ఉంటారు. పెద్ద స్టేషనుకు ముందున్న చిన్న స్టేషను నుంచి పది కిలోమీటర్లకు ఒక్కొక్కప్పుడు అరగంట వేసి ఉంటుంది. అచ్చుతప్పు అనుకుని నవ్వుతారు. అది కావాలని వేసినదే. దారిలో ఎక్కడో మరమ్మతు వల్లనో, సిగ్నలు వల్లనో పోయిన నిమిషాలను చివర పూడ్చుకోవడానికి దాచిన కాలము. దానిని ప్రతి స్టేషనుకూ రెండేసి నిమిషాలుగా పంచితే ప్రతి స్టేషనూ తన వాటా తినేస్తుంది, చివరకు ఏమీ మిగలదు. పెళ్ళి పట్టికలోనూ ప్రతి పనికీ అయిదు నిమిషాలు ఎక్కువ వేయకండి. రెండు చోట్ల ఉంచండి. పూజలకు ముందు 10 నిమిషాలు, జీలకర్ర బెల్లానికి ముందు 11 నిమిషాలు. మేము చెప్పిన లెక్కలో అవి ఉన్నవి. ఆ సంగతి పట్టిక పట్టుకున్నవానికి, పురోహితునికి తప్ప మూడోవానికి తెలియరాదు.

పట్టిక ఎవరి చేతిలో ఉండాలి? పెళ్ళికూతురి తండ్రి చేతిలో మాత్రము ఉండరాదు. ఆయన, ఆయన భార్య కన్యాదానము కోసము ఉపవాసముతో పీటల మీద కూర్చోవలసినవారు. ఆయన జేబులో కాగితము, చేతిలో ఫోను పెట్టుకుని మంత్రము నడుమ లేచి జనరేటరు వాని దగ్గరకు పరుగెత్తడము మేము చూచాము. పెళ్ళికూతురి అన్న కూడా పనికిరాడు, అతనికి తలంబ్రాల వేళ దాకా ఏదో ఒక చోట పని ఉంటుంది. ఏ చిన్నాన్నో, మేనత్త భర్తో, లేదా వీధిలో నమ్మకమైన పొరుగువారో చూడాలి. మగపెళ్ళివారి వైపు నుంచి కూడా అటువంటివారు ఒకరుండాలి. ఈ ఇద్దరికీ ముందే పరిచయము చేయించాలి. వియ్యంకులు ఒకరితో ఒకరు వేళల మాట ఎత్తితే అది మర్యాద మాట అయిపోతుంది. "మీరు ఇంకా తయారుకాలేదా బావగారూ" అన్నది ఎంత మెత్తగా అన్నా ఇరవై ఏళ్ళు గుర్తుంటుంది. ఆ ఇద్దరూ అనుకుంటే అది పనిమాటగానే ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితము మేము ఒక దగ్గర బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాము. పట్టిక బ్రహ్మాండముగా వ్రాశారు. పెళ్ళివారికి ఏ వేళకు కాఫీ, ఏ వేళకు టిఫిను, ఎవరికి చక్కెర లేని కాఫీ, అంతా అందులో ఉన్నది. మేళానికి భోజనము ఎప్పుడో, కారు డ్రైవర్లకు ఎప్పుడో కూడా ఉన్నది. పెళ్ళికూతురు తెల్లవారింది మొదలు గౌరీపూజ పేరిట ఏమీ తినలేదు. మూడు గంటల నుంచి అలంకారానికి కూర్చోబెట్టారు. రంగు చెదురుతుందని మంచినీళ్ళు కూడా గొట్టముతో రెండు గుక్కలు తాగించారట. కన్యాదానము నడుమ హోమగుండము పొగకు, దీపాల వేడికి ఆ పిల్ల కళ్ళు తిరిగి ప్రక్కకు ఒరిగిపోయినది. తల్లి పీట మీద నుంచి లేచేలోపల ముసుగువేసుకున్న ఒక ఒడియా పొరుగింటామె చంటిపిల్లను ఎత్తినట్లు ఎత్తి గదిలోకి తీసుకుపోయి, నోటిలో పంచదార నీళ్ళు పోసినది. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలున్నదనగా తెచ్చి కూర్చోబెట్టారు. పెళ్ళి జరిగినది. కాని ఆ నాలుగు నిమిషాలలో మగపెళ్ళివారి వరుసలో "పిల్లకు ఏదైనా జబ్బు ఉన్నదేమో" అని ఒక గుసగుస పుట్టినది. అది ఆ పిల్లతోపాటు అత్తవారింటికి వెళ్ళి చాలాకాలము ఉన్నది. ఆకలి తప్ప ఆమెకు వేరే జబ్బు లేదు.

నాటి నుంచి మమ్ములను ఎవరు పట్టిక వ్రాసిపెట్టమన్నా మొదటి వరుసలో పెళ్ళికూతురి పాలు, పండ్లు వ్రాస్తున్నాము. రెండవ వరుసలో ఆమె తల్లిదండ్రులవి. ఉపవాసమంటే అన్నము మానడము, పాలు పండ్లు మానడము కాదని పురోహితులే చెబుతారు, వారిని ఒక్కమాట అడగాలి. ప్రతి మూడు గంటలకూ ఎవరు ఇస్తారో ఆ మనిషి పేరు కూడా వ్రాయాలి. "ఎవరో ఒకరు ఇస్తారు" అన్న పెళ్ళిలో ఎవరూ ఇవ్వరు. షుగరు వ్యాధి ఉన్న పెద్దలకు కూడా ఇదే పద్ధతి. వారు బంతి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చుంటారు గాని నోరు తెరిచి అడగరు.

బంతి అన్నాము గనుక భోజనాల లెక్క. వంద విస్తళ్ళు పట్టే హాలు, నాలుగువందలమంది చుట్టాలు. బంతికి వడ్డన, భోజనము, ఎత్తివేత కలిపి 35 నిమిషాలు. నాలుగు బంతులకు రెండు గంటల ఇరవై నిమిషాలు. 9-36 ముహూర్తానికి అందరూ మండపములో ఉండాలని కోరేవారు 7 గంటలకే మొదటి బంతి వేయాలి, లేదా సగము బంతులు ముందు, సగము తరువాత అని ముందే విభజించుకోవాలి. నిలబడి తినే బఫే పెట్టినా వరుస వరుసే. మా వంటి షిఫ్టు డ్యూటీల వాళ్ళ సంగతి కూడా కాస్త చూడండి. రాత్రి పది గంటలకు డ్యూటీ ఎక్కవలసినవాడు తొమ్మిదిన్నరకు అక్షింతలు వేసి ఎట్లా వెళ్ళగలడు? అతనిని మొదటి బంతిలో కూర్చోబెట్టి, విడిదిలో పెళ్ళికొడుకునూ, గదిలో పెళ్ళికూతురినీ చూపించి పంపితే, ఎత్తుబడిలో ఏమి చదివించాడో మరచిపోయినా ఆ ఆదరణ మరచిపోడు. వంటవారికి మీరు చెప్పవలసినది ముహూర్తము కాదు, మొదటి విస్తరి పడే వేళ. ఆ ఒక్క అంకె చాలు, అన్నము ఎప్పుడు వార్చాలో వారికి తెలుసు.

పురోహితులను అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. మనకు ఇక్కడ తెలుగు పురోహితులు కొద్దిమంది. మంచి లగ్నమున్న రాత్రి ఒక్కొక్కరికి రెండు పెళ్ళిళ్ళు ఉంటాయి. దానికి వారిని నిందించి లాభము లేదు, ఆయన రాకపోతే మంత్రము చెప్పేవారే లేరు. "ఎన్నింటికి వస్తారు" అని అందరూ అడుగుతారు. "ఎన్నింటికి వెళ్ళాలి స్వామీ" అని అడిగితే సప్తపది, లాజహోమము పరుగుమీద జరగకుండా చూసుకోవచ్చును. అరుంధతి కనిపించినా కనిపించకపోయినా కాసేపు ఆకాశము వైపు చూచే తీరిక ఆ పిల్లలకు ఉండాలి.

ఫొటోలవారికి మా మాట ఒక్కటే. ముహూర్తానికి ముందు వారు అడిగినదానికి సమయము ఇవ్వకండి, ముహూర్తము తరువాత కావలసినంత ఇవ్వండి. తలంబ్రాలు రెండుసార్లు పోసుకున్నా తప్పులేదు, పిల్లలకు అది సరదా. జీలకర్ర బెల్లము మాత్రము రెండవసారి పెట్టించరాదు. ఆ క్షణాన వేదిక మీద కెమెరా వీపులు తప్ప వధూవరులు కనిపించని పెళ్ళిళ్ళు ఎక్కువైనవి. వెనుక కూర్చున్న అమ్మమ్మలు అయిదువందల మైళ్ళు వచ్చినది ఆ వీపులు చూడడానికి కాదు.

ముహూర్తము దాటిన తరువాత పట్టికను వదులు చేయవచ్చును. మాంగల్యధారణ, తలంబ్రాలు, హోమము, సప్తపది, సన్నికల్లు, నాగవల్లి, ఏ ఇంటి ఆచారము ఆ ఇంటిది. వాటికి వరుస వ్రాసుకుంటే చాలు, నిమిషాలు అక్కరలేదు. మండపము తాళము ఎన్నింటికి అప్పగించాలో అది మాత్రము ఎర్రసిరాతో వ్రాసుకోండి. అద్దె రెండవరోజుకు పడకుండా ఉంటుంది.

అప్పగింతలకు వేళ వ్రాయవద్దని మేము గట్టిగా చెబుతాము. తల్లీ బిడ్డా ఎంతసేపు ఏడుస్తారో కాగితము మీద పెట్టలేము. ఇక్కడే మగపెళ్ళివారి తిరుగుబండి అడ్డువస్తుంది. తెల్లవారుజామున బండి అయితే "పదండి, పదండి, బండి తప్పిపోతుంది" అని కేకల నడుమ పాలలో చేతులు ముంచి తీయించేస్తారు. అత్తవారి చేతికి పిల్ల చేయి అందేలోపల సామాను ఆటోలోకి ఎక్కిపోయి ఉంటుంది. తిరుగు టిక్కెట్లు తీసేటప్పుడే మరునాడు మధ్యాహ్నపు బండికి తీయమని వియ్యంకులను కోరండి. అదనముగా అయ్యేది ఒక పూట ఫలహారము, ఒక పూట భోజనము. దానిని ఖర్చుగా చూడకండి. సారె పెట్టెలు లెక్కపెట్టుకోవడానికి, పసుపు బట్టలు మూటకట్టుకోవడానికి, చెల్లెలు అక్క చెవిలో ఏదో చెప్పి నవ్వించడానికి ఆ పూట కావాలి.

మేము వ్రాసిన నమూనా పట్టిక ఒకటి, పగటి ముహూర్తానికి మరొకటి కార్యదర్శిగారి వద్ద ఉంచాము. ముహూర్తము గడి ఖాళీగా వదిలాము, మీ ఊరి వేళ శాస్త్రిగారిని అడిగి నింపుకోవాలి. వైశాఖములో పెళ్ళిళ్ళున్నవారు ఈ వారములోనే తీసుకువెళ్ళండి. టిక్కెట్ల 60 రోజుల లెక్కలో సందేహమున్నవారు డ్యూటీ లేనప్పుడు మా ఇంటికి రావచ్చును, కౌంటరు దగ్గర మాత్రము వెనుక వరుసలో ఉన్నవారు ఊరుకోరు.

సెలవు.